‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు శ్రుతి నాకొక్కడికే తేడాగా ఉందా?

ఫిడేలు_విజయనగరం:

అందరికీ నమస్కారం. జాజ్‌కి నేను కొత్త, కాబట్టి తెలివితక్కువ ప్రశ్న అయితే క్షమించండి. ముప్పై ఏళ్లుగా పిల్లలకి వయొలిన్ చెప్తున్నాను. పొద్దున సరళీ వరసలు, సాయంత్రం వర్ణాలు, మధ్యలో పెగ్గులు జారిపోయిన ఫిడేళ్లు బాగుచేయడం. అదీ నా లోకం.

పోయిన నెల హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారులో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ దొరికింది. పాత ఎల్పీ. అట్ట ఓ మూల చెద కొట్టింది గానీ రికార్డు మీద గీతలు పెద్దగా లేవు. 2000 చెప్పి 1400కి ఇచ్చాడు. దీని గురించి ఎక్కడ చదివినా పొగడ్తే. గదిలో గాలి కూడా వినిపిస్తుందట, బాసు తీగ మీద వేలు కదలడం కళ్లకి కట్టినట్టు ఉంటుందట. విన్నాను. పొగడ్త అబద్ధం కాదు, ఆ తాళం పళ్లేల చప్పుడు ఎంతసేపు గాల్లో ఉంటుందో!

ఇక నా బాధ. మొదటి పాట ‘సో వాట్’ వింటుంటే ఇది మన ఖరహరప్రియ రాగం స్వరాలే కదా అనిపించింది. పాశ్చాత్య లెక్కలో ‘డి’ షడ్జం. (గాంధారానికి ఊపు లేదు, అది వేరే సంగతి.) సరే, వెంట వాయిద్దామని యాప్‌లో తంబురా ‘డి’కి పెట్టి, ఫిడేలు దానికి కలిపి కూర్చున్నాను. కుదరలేదు. రికార్డు కాస్త పైన ఉంది. అరస్వరం కూడా కాదు, అంతకంటే తక్కువే, కానీ పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

మా పాత టర్న్‌టేబుల్‌దే తప్పు అనుకుని బెల్టు మార్పించాను. తగ్గలేదు. రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి, గోడ గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాను. మూడు నిమిషాలకి సరిగ్గా 100. అంటే 33⅓ వేగం బాగానే ఉంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఇప్పుడేం పూజ ఇది?” అని అడిగింది.

విడ్డూరం ఏమిటంటే, రెండో వైపు ‘ఆల్ బ్లూస్’ మాత్రం ‘జి’ శ్రుతికి అతికినట్టు కూర్చుంది. అదే మిషను, అదే పళ్లెం, అదే బెల్టు. మొదటి వైపు మాత్రమే ఎందుకు పైకి పోతోంది? ఇన్నేళ్లుగా ఇంతమంది పెద్దలు మెచ్చుకున్న రికార్డులో శ్రుతి తేడా ఉంటుందా, లేక నా చెవే ముసలిదైపోయిందా?

చికాగో_చలి:

మాస్టారూ, మీ చెవికి దండం. తప్పు మీది కాదు, మీ బెల్టుది అసలే కాదు. టేపుది.

ఈ ఆల్బమ్‌ని 1959లో రెండు రోజుల్లో రికార్డు చేశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. మొదటి వైపు మూడు పాటలూ మార్చి 2వి. ఆ రోజు మాస్టర్ టేపు (రికార్డులన్నిటికీ మూలమైన అసలు టేపు) మిషను కొంచెం నిదానంగా తిరిగింది. నిదానంగా పట్టుకున్న టేపుని మామూలు వేగంతో వినిపిస్తే ఏమవుతుంది? పాట తొందరపడుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. ఏప్రిల్‌లో మిషను సరిగ్గానే ఉంది, అందుకే మీ ‘ఆల్ బ్లూస్’ కుదిరింది. అదృష్టం కొద్దీ మార్చి 2న పక్కనే ఇంకో మిషను మీద జాగ్రత్త కోసం రెండో టేపు కూడా తిప్పారు. అది సరైన వేగంతో ఉంది. 1992లో మార్క్ వైల్డర్ అనే ఇంజనీరు దాన్ని వాడి కొత్త మాస్టర్ చేశాకే తప్పు దిద్దుకుంది. అంటే 33 ఏళ్ల పాటు అమ్మిన ఎల్పీలు, మొదటి సీడీలు అన్నీ మీరు విన్నట్టే ఉన్నాయి. మీ కాపీ ఆ కాలపుది.

మరి విమర్శకులకి వినపడలేదా అంటే, నా అభిప్రాయం ఇది. వాళ్లు వినేది వేరు. హై-ఫై (అంటే హై ఫిడెలిటీ, శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించడం) మీద రాసేవాడు వాద్యం ఎక్కడుంది, ఎంత దూరంలో ఉంది, గది ఎంత పెద్దది అని వింటాడు. శ్రుతి కాస్త పైన ఉంటే అతనికి రికార్డు ఇంకా చురుగ్గా, మెరుపుగా అనిపిస్తుంది. ఫిడేలు పట్టుకుని పక్కన కూర్చున్నవాడికే అసలు లెక్క తెలుస్తుంది. ఫిడెలిటీ అంటే నమ్మకంగా ఉండటం అనుకుంటే, ఈ పొగడ్తలో సగం గదికే చెందుతుంది!

ఆ గది మాత్రం నిజంగా గొప్పదే. న్యూయార్క్ 30వ వీధిలో కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్ల స్టూడియో, ఒకప్పుడు చర్చి. చెక్క నేల, ఎక్కడో ఆకాశంలో ఉన్న కప్పు. గ్లెన్ గూల్డ్ 1955లో బాక్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ వాయించింది కూడా అక్కడే. అది వినండి. పియానో వెనక ఆయన కూనిరాగం వినిపిస్తుంది, ఇంజనీర్లు ఎంత తిప్పలు పడ్డా పోలేదు. మీకు నచ్చుతుందనుకుంటా, మన విద్వాంసులూ అంతేగా.

ఇక నేనుండే ఊరి గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి. ఇక్కడి ఆర్కెస్ట్రా హాల్లో 1951లో రాఫెల్ కుబెలిక్ నడిపిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ని మెర్క్యురీ కంపెనీ ఒకే ఒక్క మైకుతో పట్టింది. వందమంది వాయించేవాళ్లు, పైన వేలాడే ఒక్క మైకు. న్యూయార్క్ టైమ్స్‌లో హోవర్డ్ టాబ్‌మన్ దాన్ని సమీక్షిస్తూ, ఆర్కెస్ట్రా ఎదుటే సజీవంగా ఉన్నట్టుందని ‘లివింగ్ ప్రెజెన్స్’ అనే మాట వాడాడు. కంపెనీ ఆ మాట పట్టుకుని తన రికార్డుల వరసకి ‘మెర్క్యురీ లివింగ్ ప్రెజెన్స్’ అని పేరే పెట్టేసుకుంది. విమర్శకుడి మాట అట్ట మీదకెక్కి బ్రాండ్ అయిపోవడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ ఆ మాటకి తగ్గ సరుకు ఉంది. అదే హాల్లో 1955లో ఫ్రిట్జ్ రైనర్ నడిపిన బార్టోక్ ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ ఆర్‌సీఏ కంపెనీ వాళ్ల స్టీరియో రికార్డు. జనవరిలో ఇక్కడ బయటికి అడుగు పెట్టలేం, ఆ నెలంతా నాకు అదే దిక్కు.

బ్లూస్ కావాలంటే మడ్డీ వాటర్స్ ‘ఫోక్ సింగర్’. 1963 సెప్టెంబరులో ఇదే ఊళ్లో రికార్డు చేశారు. కరెంటు గిటారుతో పేరు తెచ్చుకున్న మనిషి చేతికి మామూలు గిటారు ఇచ్చారు. పక్కన రెండో గిటారు బడ్డీ గై, అప్పటికి కుర్రాడు. విల్లీ డిక్సన్ బాసు. మడ్డీ గొంతు పెంచిన ప్రతిసారీ వెనక గది ఒక్కసారిగా పెద్దదైనట్టు ఉంటుంది. రాత్రి పదిన్నర తర్వాత, లైటు ఆపి.

గీతలున్న_పళ్లెం:

గదీ గాలీ అంటూ ఆయన మిమ్మల్ని ఖర్చులోకి దింపుతారు, జాగ్రత్త మాస్టారూ 😀

హై-ఫై పొగడ్తల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ‘జాజ్ ఎట్ ది పాన్‌షాప్’ వినండి. 1976 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో స్టాంపెన్ అనే క్లబ్బులో తీసింది. రికార్డింగ్ అద్భుతం, ఒప్పుకుంటా. గ్లాసుల గలగల, జనం మాటలు, అన్నీ ఎదుటే. కానీ మా మిత్రబృందంలో ఎవరింటికి వెళ్లినా అందరూ ఆ గ్లాసుల చప్పుడునే మెచ్చుకుంటారు. సాక్సోఫోన్ ఏం వాయించిందని అడిగితే ఒక్కడూ చెప్పలేడు. స్టీరియోఫైల్ పత్రిక పెట్టిన గోర్డన్ హోల్టే చెప్పాడు కదా, రికార్డింగ్ ఎంత బాగుంటే వాయింపు అంత నాసిగా ఉంటుందని.

2022 సంగతి కూడా గుర్తు చేస్తాను. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఖరీదైన ఎల్పీలని, అచ్చమైన అనలాగ్ శబ్దం (ఎక్కడా డిజిటల్ అంకెల్లోకి మార్చనిది) అంటూ ఏళ్ల తరబడి ఆకాశానికెత్తారు. తీరా చూస్తే చాలావాటి తయారీలో మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఆ ఏడాది జూలైలో బయటపడింది. అప్పటిదాకా ఒక్క బంగారు చెవికీ అది తెలియలేదు. మరి ఆ ‘అనలాగ్ వెచ్చదనం’ చెవిలో ఉందా, అట్ట మీద ఉందా?

పాతకాలపు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ని వినండి. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో పాడిన 29 పాటలు. గరగర, బరబర. అయినా ఒళ్లు జలదరిస్తుంది. (ఆయన రికార్డుల వేగం కూడా తేడా అని వాదించేవాళ్లున్నారు, అది ఇంకా తెగలేదు. మీ చెవికి అదో పని.)

రెండు_మైకులు:

మాస్టారూ నమస్తే. నేను హైదరాబాద్‌లో కచేరీలు రికార్డు చేస్తుంటాను. పై ఇద్దరితోనూ సగం సగం ఒప్పుకుంటాను.

జాన్సన్ గొప్పవాడు కాబట్టి గరగర మంచిదైపోదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78లు (78 వేగంతో తిరిగే పాత రికార్డులు) విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, సంగీతానికి ఒకసారి, పోయిన శబ్దానికి ఇంకోసారి. ఆ కమాను ఒత్తిడి ఎదురుగా ఎలా ఉండేదో మనకి ఇక తెలీదు.

మీరు వాద్యకారులు కాబట్టి ‘ఎ మీటింగ్ బై ది రివర్’ వినండి. విశ్వమోహన్ భట్ మోహన వీణ, అమెరికన్ రై కూడర్ స్లైడ్ గిటారు. 1992లో కాలిఫోర్నియాలో శాంటా బార్బరాలో ఒక చిన్న చర్చిలో తీశారు, వాటర్‌లిలీ అనే రికార్డుల కంపెనీ వాళ్లు. ఇద్దరికీ అంతకు ముందు పరిచయమే లేదు. గ్రామీ వచ్చింది. శబ్దం గురించి హై-ఫై వాళ్లు చాలా రాశారు, అందులో అతిశయోక్తి నాకు కనపడలేదు. రెండు మైకులు ఒకే చోట, ఒకదానికొకటి అడ్డంగా పెట్టి పట్టారు. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లైన్ కనిపెట్టిన పద్ధతి. తర్వాత సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలదు. వాద్యాల మధ్య ఎక్కువ తక్కువలు కావాలంటే మనిషే కుర్చీ జరుపుకోవాలి. మా దగ్గర మృదంగానికి మూడు మైకులు పెట్టమని అడిగేవాళ్లకి నేను వినిపించేది ఇదే. విన్నాక కూడా మూడే పెట్టమంటారు, అది వేరే బాధ.

ఫిడేలు_విజయనగరం:

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు పట్టింది జవాబు రాయడానికి, విద్యార్థులకి పరీక్షలు.

వేగం దిద్దిన ఆ మాస్టర్‌ని మా అమ్మాయి ఫోన్‌లో పెట్టించి విన్నాను. ‘సో వాట్’ తంబురా మీద పాలలో నీళ్లలా కలిసింది! ఇక ఆగుతానా? మొదట పదహారు ఆవర్తాలు హాయిగా ఖరహరప్రియ. ఆ తర్వాత వీళ్లు షడ్జాన్నే అరస్వరం పైకి జరిపేసి, ఎనిమిది ఆవర్తాల తర్వాత ఏమీ ఎరగనట్టు కిందికి వచ్చేస్తారు. మొదటిసారి నేను అక్కడే బోర్లా పడ్డాను. తంబురా మాత్రం ‘డి’ దగ్గరే మొండిగా కూర్చుంది. గురువుగారు బతికి ఉంటే విల్లుతో నెత్తి మీద ఒకటి వేసేవారు.

మడ్డీ వాటర్స్ నిన్న రాత్రి విన్నాను. చికాగో బాబూ, లైటు ఆపే విన్నాను. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది, పూజ అనలేదు.

గీతలున్న పళ్లెం గారూ, జాన్సన్ ఇంకా వినలేదు, తంబురా పక్కన పెట్టుకుని వింటాను.

పాత ఎల్పీ అమ్మేస్తారా అని ఒకరు విడిగా మెసేజ్ పెట్టారు. అమ్మనండీ. మొదటి వైపు పెట్టినప్పుడు ఫిడేలు కాస్త బిగించుకుంటాను, పళ్లెం తిప్పాక వదులు చేసుకుంటాను.