పదో తరగతి: వర్గ సమీకరణంలో గుర్తు తప్పు, ఇంగ్లీషు పద్యానికి జవాబు

ప్రశ్న: సీబీఎస్‌ఈ పదో తరగతి. కారణాంక పద్ధతిలో మధ్య పదం విడగొట్టాక రెండో జతలో గుర్తు తప్పుతోంది. రాబర్ట్ ఫ్రాస్ట్ ఇంగ్లీషు పద్యం ‘ఫైర్ అండ్ ఐస్’ మీద ఏం రాసినా ఉత్త సారాంశమే అవుతోంది. ఏం చేయాలండీ?

జవాబు 1: 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 చూడండి. లబ్ధం 6 (2 × 3), మొత్తం −7 వచ్చే రెండు సంఖ్యలు కావాలి: −6, −1. అప్పుడు 2ఎక్స్² − 6ఎక్స్ − ఎక్స్ + 3. మొదటి జత 2ఎక్స్(ఎక్స్ − 3). రెండో జతలో −1 బయటికి తీస్తే లోపల రెండు గుర్తులూ మారాలి: −1(ఎక్స్ − 3). చాలామంది ఒక్కటే మార్చి (ఎక్స్ + 3) రాస్తారు. బ్రాకెట్లు రెండూ ఒకటి కాకపోతే అక్కడే ఆగి వెనక్కి చూడాలి, ముందుకెళ్లకూడదు. మూలాలు 3, 1/2.

జవాబు 2: విచక్షణితో (బీ² − 4ఏసీ) సరిచూసుకోండి: 49 − 24 = 25. అది పూర్ణ వర్గం కాబట్టి కారణాంకాలు తప్పకుండా వస్తాయి. మూలాలు కనుక్కునే సూత్రంలో −(−7) అంటే +7; (7 ± 5) మొత్తాన్నీ 4తో భాగించాలి, 5ను మాత్రమే కాదు.

జవాబు 3: పద్యం 9 పాదాలే. నిప్పు కోరికకు, మంచు ద్వేషానికి గుర్తు. ఈ మాటతోనే జవాబు మొదలుపెట్టండి. తర్వాత పద్యంలోంచి రెండు మూడు పదాలు ఎత్తిచూపి, అవి ఆ భావాన్ని ఎలా మోస్తున్నాయో రాయాలి. చివరి పాదాలను వదిలేయకండి. ద్వేషమూ లోకాన్ని నాశనం చేయడానికి చాలుతుందని కవి ఎంత నెమ్మదిగా, తగ్గించి చెబుతాడో అదే అసలు బలం. ప్రాస క్రమం అడగకపోతే దాని మీద సమయం పెట్టొద్దు.