కాక్స్-2 యాంటీబాడీకి రెండు బ్యాండ్లు వస్తున్నాయి, నమ్మొచ్చా?

ప్రశ్న
వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రొటీన్లని సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) కొత్త కాక్స్-2 (వాపులో పెరిగే ఎంజైమ్) యాంటీబాడీ వాడుతున్నానండీ, కుందేలు పాలీక్లోనల్ (పలు యాంటీబాడీల మిశ్రమం). ఎలుక రా 264.7 కణాలకి (రోగనిరోధక కణాలు) కాక్స్-2ని పెంచే బ్యాక్టీరియా పదార్థం ఎల్‌పీఎస్ ఇచ్చి రాత్రంతా ఉంచి, కణాల్ని పగలగొట్టి లైసేట్ తీశాను. 70 కిలోడాల్టన్లు (ప్రొటీన్ బరువు కొలత) దాటాక దగ్గరదగ్గరగా రెండు బ్యాండ్లు, పైది కాస్త పలచగా ఉంది. సీక్వెన్స్ లెక్క ప్రకారం 69 దగ్గర కదా రావాలి? ఎల్‌పీఎస్ ఇవ్వని లేన్‌లోనూ (ఒక్కో నమూనా నడిచే వరుస) లీలగా ఓ గీత కనబడుతోంది. ఇంకో టెన్షన్, కాక్స్-2ని అడ్డుకునే మందు సెలికాక్సిబ్ కలిపిన లేన్‌లో బ్యాండ్ ఏమాత్రం తగ్గలేదు. దీంతోనే తర్వాత మనుషుల పెద్దపేగు క్యాన్సర్ సెక్షన్లు స్టెయిన్ చెయ్యాలి. మార్చేయమంటారా?

జవాబు 1
రెండు బ్యాండ్లకి కంగారు పడకండి, అది ఈ ప్రొటీన్ లక్షణమే. కాక్స్-2 మీద చక్కెర గొలుసులు అతుక్కుంటాయి, అందులో 580వ స్థానంలోని ఆస్పరజీన్‌కి కొన్ని అణువుల్లోనే అతుక్కుంటుంది కాబట్టి 72, 74 దగ్గర జంటగా కనబడుతుంది. అనుమానం ఉంటే లైసేట్‌లో కొంత తీసుకుని, దాని చక్కెర గొలుసుల్ని పీఎన్‌జీ-ఎఫ్ ఎంజైమ్‌తో కోసి పక్క లేన్‌లో నడపండి, రెండూ కలిసి కిందికి దిగాలి.

నన్నడిగితే అసలు చూడాల్సింది ఆ లీల గీత. దీని సోదర ఎంజైమ్ కాక్స్-1 కూడా దాదాపు అదే సైజు, సీక్వెన్స్‌లో 60 శాతం దాకా పోలిక. యాంటీబాడీని ఏ ముక్కకి తయారుచేశారో డేటాషీట్‌లో చూడండి. కాక్స్-2 సీ-చివర (ప్రొటీన్ గొలుసు తోక) దగ్గర కాక్స్-1లో లేని ఓ 18 అమైనో ఆమ్లాల ముక్క ఉంటుంది, దానికి చేసినదైతే కొంత ధైర్యం. ఒక లేన్‌లో శుద్ధి చేసిన కాక్స్-1 వేస్తే తేలిపోతుంది. ఎల్‌పీఎస్‌తో పాటు, కాక్స్-2 తయారీని తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇచ్చిన లేన్ కూడా పెట్టండి, నిజమైన కాక్స్-2 అయితే బాగా తగ్గాలి.

జవాబు 2
సెలికాక్సిబ్ ఎంజైమ్ పనిని ఆపుతుంది గానీ ప్రొటీన్‌ని మాయం చెయ్యదు కదండీ. బ్యాండ్ అలాగే ఉండడంలో వింతేం లేదు. మందు పనిచేసిందా అన్నది కణాలు పెరిగే ద్రవంలో (మీడియా) కాక్స్-2 వల్ల తయారయ్యే పీజీఈ2ని ఎలైసా పరీక్షతో కొలవండి.

జవాబు 3
పైవాళ్లు చెప్పినవన్నీ సరే, కానీ బ్లాట్ బాగా వచ్చిందని సెక్షన్ల మీదికి వెళ్లిపోకండి, దయచేసి. ఫార్మలిన్‌లో బిగుసుకున్న కణజాలం సంగతి వేరు, పైగా మీరు ఇప్పటిదాకా చూసింది ఎలుక ప్రొటీన్. పెద్దపేగు క్యాన్సర్లలో కాక్స్-2 పెరుగుతుందని 1994 నుంచే తెలుసు కాబట్టి స్టెయిన్ గోధుమరంగు వస్తే చాలు, అనుకున్నదే వచ్చిందని మనసు ఒప్పేసుకుంటుంది. ముందు పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో కాక్స్-2 ఉండే హెచ్‌టీ-29ని పాజిటివ్‌గా, లేని హెచ్‌సీటీ-116ని నెగెటివ్‌గా తీసుకుని, రెండింటినీ గుళికలుగా చేసి, మీ కణజాలంలాగే ఫార్మలిన్, పారాఫిన్ పట్టించి స్టెయిన్ చేసి చూడండి. రంగు కేంద్రకం చుట్టూ, సైటోప్లాజంలో రావాలి. పెప్టైడ్ బ్లాకింగ్ (యాంటీబాడీని దాన్ని తయారుచేసిన ముక్కతో ముందే కలిపి ఆపడం) ఒక్కటే చూపించి సరిపెట్టకండి, తప్పు ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ కూడా ఆ పెప్టైడ్‌తో ఆగిపోతుంది. వీలైతే జీన్ తీసేసిన కణాలు దొరకబుచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండీ. డేటాషీట్ చూశాను, సీ-చివర పెప్టైడ్‌కే చేశారు, కానీ ఎలుక సీక్వెన్స్‌తో. కాక్స్-1, డెక్సామెథసోన్ లేన్లతో మళ్లీ నడుపుతాను, హెచ్‌టీ-29 గుళికలు వచ్చేదాకా సెక్షన్లు ముట్టుకోను.