ఈ మధ్య ఏం చదివారు? అనువాదాలైతే మరీ మంచిది

పేజీమడత: 2025లో అంతర్జాతీయ బుకర్ వచ్చిన బాను ముష్తాక్ ‘హార్ట్ లాంప్’ నిన్న రాత్రే ముగించాను. పన్నెండు కథలు. కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 50,000 పౌండ్లూ రచయిత్రికీ, అనువాదకురాలు దీపా భస్తికీ చెరిసగం. కన్నడ మాటల్ని వాలు అక్షరాల్లో పెట్టలేదు, అడుగున వివరణలూ లేవు. ప్రాణం లేచొచ్చింది. ఇక కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ మొదలుపెట్టాలి, ఏది ముందు? హంగేరీ రచయిత క్రస్నహోర్కై‌ని ఎవరైనా పూర్తిచేశారా?

నిద్రపట్టనివాడు: వివరణలు లేకపోతే చదివేవాడి గతేంటండీ? ప్రతి పేజీకీ ఫోను తీసి వెతుక్కోవాలా?

అక్షరమ్మ: ‘ది వెజిటేరియన్’తో మొదలుపెట్టండి. మాంసం మానేసిన ఒక అమ్మాయి కథ, మూడు భాగాలు. ఆమె భర్త వైపు నుంచి, బావ వైపు నుంచి, అక్క వైపు నుంచి. ఆ అమ్మాయి గొంతు కలల్లోనే వినపడుతుంది. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని చదివాను. అక్క ఆస్పత్రికి బయల్దేరే చోట మూసేసి, మళ్లీ తెరవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ప్రూఫులమనిషి: ఆ ఇంగ్లీషు అనువాదమా! కొరియన్‌లో ‘పల్’ అంటే చెయ్యి, ‘బల్’ అంటే పాదం. ఆ రెంటినీ తారుమారు చేశారు. 2016లో దానికే అంతర్జాతీయ బుకర్. పద్దెనిమిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, అలాంటిది నా చేతిలో పడితే వెనక్కి పంపేదాన్ని.

అక్షరమ్మ: మీకు కొరియన్ వచ్చా?

ప్రూఫులమనిషి: రాదు. వచ్చినవాళ్లే ఎత్తిచూపారు. తప్పును తప్పనడానికి భాష రావాలా?

అక్షరమ్మ: తప్పే, కాదనను. కానీ నన్ను నాలుగు నెలలు వెంటాడింది ఆ వాక్యాలే కదా. వాటిని రాసిన మనిషి పడ్డ కష్టాన్ని ఒక్క మాట పట్టుకుని తీసిపారేస్తే ఊరుకోను.

అట్టలేనిపుస్తకం: మీరు పాదం దగ్గర కొట్టుకుంటున్నారు, నా ‘ది వెజిటేరియన్’ తీసుకెళ్లిన స్నేహితురాలు రెండేళ్లయినా ఇవ్వలేదు. అంచుల్లో నేను పెన్సిల్‌తో రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త ప్రతి కొనుక్కోవచ్చు, ఆ రాతలు ఎక్కడ దొరుకుతాయి?

నిద్రపట్టనివాడు: పుస్తకం అరువివ్వడమే తప్పు. నేను మానేసి చాలా కాలమైంది.

ప్రూఫులమనిషి: ఒక్క మాట కాదమ్మా, ఇంకా ఉన్నాయి. అనువాదకుల పేరు అట్టమీద వేయాలని నేనూ అంటాను. పేరు వేసినప్పుడు బాధ్యత కూడా ఉండాలి.

ఆగనివాక్యం: క్రస్నహోర్కై సంగతి ఎవరూ చెప్పలేదు. ‘సాటాన్‌టాంగో’ (1985) రెండుసార్లు మధ్యలో వదిలేసి మూడోసారి పూర్తిచేశాను. ఒక్కో అధ్యాయం మొత్తం ఒకటే పేరా. మొదట్లో రోజుకి పది పేజీలు చదివి ఆపేవాణ్ని, మర్నాడు ఎక్కడున్నానో తెలిసేది కాదు. అధ్యాయం మొదలుపెడితే అయ్యేదాకా లేవకండి. పన్నెండు అధ్యాయాలు, ఆరు ముందుకి, ఆరు వెనక్కి, టాంగో నాట్యంలో అడుగుల్లా. ఆయనకి 2025 నోబెల్ ప్రకటించిన రోజు నా ప్రతి తీసి మళ్లీ మొదటి పేజీ చదువుకున్నాను.

పేజీమడత: అయితే ఆదివారం ‘సాటాన్‌టాంగో’ మొదటి అధ్యాయం, లేవకుండా. అక్షరమ్మగారూ, అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

అక్షరమ్మ: ఇంటికొచ్చేశారండీ. ఇప్పుడు ఆవిడే నాకు చదివి వినిపిస్తున్నారు.