పియానో దగ్గర ఏ లైటు పెట్టాలి? క్లిప్ లైటుతో ఇబ్బందిగా ఉంది

బైరాగిపట్టెడ నాన్న:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉంటాం. మా పాప ఆరో తరగతి, పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో నల్లటి అప్‌రైట్ పియానో కొన్నాం. స్కూలు, ట్యూషన్ అయ్యి కూర్చునేసరికి రాత్రి ఏడు దాటుతుంది, హాల్లో ట్యూబ్‌లైటు సరిగ్గా తన వెనక ఉండడంతో తల నీడ బుక్కు మీదే పడుతుంది. మెడ ముందుకు చాచి చూస్తుంటే నాకు టెన్షన్. క్లిప్ లైటు తెప్పించి బుక్కు పెట్టే పలకకు తగిలించాను. ఇప్పుడు ఎడమ చివరి కీస్ గట్టిగా నొక్కితే చాలు, దాని రేకు జుయ్‌మని మోగుతుంది. పైగా నల్ల పాలిష్‌లో బల్బు అద్దంలోలా మెరిసి కళ్ళల్లో కొడుతుంది. ఏది కొనమంటారు?

చిత్తూరు పియానో టీచర్:
అన్నా, ముందు ఆ క్లిప్ తీసేయండి, పాలిష్ మీద గీత పడితే పోదు. పియానో మీద వదులుగా ఏదున్నా స్వరంతో పాటు వణుకుతుంది. మా ఇంట్లో ఒకసారి పైన పెట్టిన ఫోటో ఫ్రేమ్ మోగుతుంటే తీగలో లోపమేమోనని మధ్యాహ్నమంతా వెతికాను. పక్కన నేలమీద నిలబెట్టి, చెయ్యి పియానో మీదకు చాపే స్టాండు లైటు తీసుకోండి, అడుగు బరువుగా ఉండాలి. తల గుండ్రంగా కాకుండా అడ్డంగా పొడవుగా ఉంటే మంచిది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, రెండు పేజీలు తెరిస్తే 42, అందుకని తల 45 దాకా ఉంటే చివర్లు చీకటిగా మిగలవు. వెలుగు పక్కనుంచి పడితే నల్ల కీస్ నీడలు తెల్లవాటి మీద చారల్లా పడి పిల్లలు తడబడతారు, పైనుంచే రావాలి. పాప స్టూల్ మీద మీరే కూర్చుని, పాప కళ్ళ ఎత్తుకు వంగి చూడండి, బల్బు కనబడిందంటే రేకు ఇంకా కిందికి వంచాలి.

బైరాగిపట్టెడ నాన్న:
పియానో పైనే పెట్టే లైటు వద్దా అక్కా?

చిత్తూరు పియానో టీచర్:
ట్యూనింగ్‌కు వచ్చినప్పుడల్లా పై మూత ఎత్తాలి కదా, లైటు దించాల్సిందే. పెడితే కింద మందపాటి గుడ్డ వేయండి.

కొర్లగుంట ఎలక్ట్రీషియన్:
బల్బు సంగతి నేను చెప్తా. 9 వాట్ల ఎల్ఈడీ మంచిదైతే 800 ల్యూమెన్లకు (వెలుగు కొలత) పైనే ఇస్తుంది, అంత దగ్గర్లో బుక్కుకు ధారాళంగా సరిపోతుంది. వెలుగు రంగు చూసుకోండి, డబ్బా మీద 3000కె, 4000కె అని ఉన్నవి తీసుకోండి, బాగా తెల్లగా ఉండే 6500కె రాత్రిపూట తెల్ల కాగితం మీద కళ్ళకు కష్టం. వెలుగు తగ్గించుకునే రెగ్యులేటర్ పెట్టాలంటే డిమ్మబుల్ అని రాసిందే కొనాలి, లేకపోతే మినుకుమినుకుమంటుంది. షాపులోనే వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి, తెరమీద నల్ల చారలు పారుతుంటే వద్దు. వైరు పెడల్స్ వైపు రానివ్వకండి అన్నా, పాప కాలికి తగులుకుంటుంది.

బైరాగిపట్టెడ నాన్న:
పక్కింట్లో స్టాండు లైటు అడిగి తెచ్చి నిన్న రాత్రి పెట్టి చూశాను. తల చిన్నది, కుడి పేజీ చివర ఇంకా మసకగానే ఉంది. కానీ జుయ్‌మనడం పోయింది. టీచర్ పెన్సిల్‌తో రాసిన వేళ్ళ నంబర్లు ఇప్పుడు కనబడుతున్నాయి నాన్నా అంది పాప. ఆదివారం గాంధీ రోడ్డుకు టేపు పట్టుకుని వెళ్తున్నా.