‘ఊరు కట్టిన తొలి కుటుంబం’ అని రాయి మీద చెక్కించవచ్చా?

ఉండికాలువ:
మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి-ఆకివీడుల మధ్య ఒక ఊరు. పేరు చెబితే మా వాళ్ళు ఇక్కడికే వచ్చి పోట్లాడతారు కాబట్టి చెప్పను. వచ్చే సంక్రాంతికి మా ఇంటిపేరు వాళ్ళమంతా ఊళ్ళో కలుసుకుంటున్నాం. రామాలయం పక్కన నల్లరాయి నిలబెట్టి, దాని మీద వంశవృక్షం చెక్కించి, పైన ‘ఈ ఊరు కట్టిన తొలి కుటుంబం’ అని రాయించాలని పెద్దలు నిర్ణయించారు. రాత పని నా నెత్తిన పడింది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. నందన కరువులో మా మూలపురుషుడు పల్నాడు వదిలి భార్యతో, ఇద్దరు పిల్లలతో, ఒక జత ఎడ్లతో బయలుదేరాడు. కృష్ణ దాటాక ఒక ఎద్దు చచ్చిపోయింది. ఇక్కడంతా తుమ్మ, జమ్ము, మోకాలి లోతు బురద. మిగిలిన ఎద్దుకు జోడుగా తానే కాడి కింద మెడ పెట్టి దున్నాడట. నందన కరువంటే డొక్కల కరువే, 1832-33లో వచ్చింది కదా. అంటే ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి పదిహేనేళ్ళ ముందే మేము ఇక్కడ ఉన్నాం. మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం ‘తొలి’ అనడానికి రుజువేదని అడ్డం తిరిగాడు. వంశవృక్షంలో నా వరకు ఆరు తరాలు ఉన్నాయి, నాకు యాభై ఏళ్ళు. మీరేమంటారు?

దస్తావేజు:
సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైనవాడిని. ముందు కాగితం చూపించండి, రాయి సంగతి తర్వాత.

నందన అన్నారు. అరవై ఏళ్ళకొకసారి నందన వస్తుంది. 1832లో వచ్చింది, 1892లో వచ్చింది, 1952లోనూ వచ్చింది. మీ తాతలు ‘నందనలో వచ్చాం’ అన్నారే గానీ ఏ నందనో చెప్పలేదు. డొక్కల కరువుతో ముడిపెట్టింది తర్వాతి వాళ్ళెవరో అయి ఉండవచ్చు. ఇక తరాల లెక్క. మీకు యాభై ఏళ్ళు, మీ పైన ఐదు తరాలు. తరానికి ఇరవై ఏడేళ్ళ చొప్పున వేస్తే మీ మూలపురుషుడు పుట్టేది 1840 ప్రాంతంలో. పుట్టకముందే కాడి మోశాడా?

ఇంకొకటి. కరువుకు తాళలేక బయలుదేరినవాడు నీళ్ళున్న చోటికి వస్తాడు. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాలువలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా పారాయి. నన్నడిగితే మీవాళ్ళు కాలువల వెంట వచ్చినవాళ్ళు, 1892 నందన వాళ్ళు. అందులో తలవంపులేమీ లేవు. డెల్టాలో సగం మంది అలా వచ్చినవాళ్ళే అని నా నమ్మకం.

వెతకాలంటే మీ ఊరి డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో రాసిన భూముల రిజిస్టరు), 1860ల నాటి ఇనాం రిజిస్టరు చూడండి. కలెక్టరేటులో అడిగేటప్పుడు జిల్లాల గొడవ గుర్తుంచుకోండి. మీ ప్రాంతం 1859 తర్వాత గోదావరి జిల్లా, 1904లో కృష్ణా జిల్లాలోకి పోయింది, 1925లో పశ్చిమ గోదావరి అయింది. ఏ సంవత్సరం కాగితం కావాలో తెలియకపోతే ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసుకు పంపుతూనే ఉంటారు. నన్ను మూడు నెలలు తిప్పారు, అదీ ఆ శాఖలో పనిచేసినవాడిని.

పెరటిజామ:
దస్తావేజు గారూ, మీకు కాగితమే దేవుడు. 1984లో ఆ పదవి పోయేదాకా కరణం రాసిందే రాత. శిస్తు కట్టినవాడి పేరు కాగితం ఎక్కింది, కట్టించుకున్నవాడి పేరు ఎక్కింది. నీళ్ళు మోసినవాళ్ళ పేరు, నాట్లు వేసినవాళ్ళ పేరు ఏ డైగ్లాట్‌లో ఉంది?

మా నాయనమ్మకు సంతకం రాదు. కానీ అత్తగారు, అత్తగారి అత్తగారు, ఆమె అత్తగారు, ఇలా ఏడుగురి పేర్లు, వాళ్ళు పుట్టిన ఊళ్ళు గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మగవాళ్ళ తద్దినం మంత్రం మూడు తరాలతో ఆగిపోతుంది. నా చిన్నప్పుడు కళ్ళాల రోజుల్లో పిచ్చుకకుంట్లవాళ్ళు వచ్చి ఇంటిపేర్లు, గోత్రాలు వరసపెట్టి చదివేవారు. ఇప్పుడు వాళ్ళను వంశరాజులంటున్నారు. ఒక పేరు తప్పు చదివితే మా నాయనమ్మ లోపలి నుంచే దిద్దేది. కాబట్టి ఆ ఒంటెద్దు కథను తీసిపారేయకండి. కథ అల్లేవాడు రెండు ఎద్దులూ బతికాయనే చెప్పుకుంటాడు.

నీటితీరువా:
నాకు నందన లెక్క కన్నా ‘ఇక్కడంతా తుమ్మ, జమ్ము’ అన్న మాట మీద అభ్యంతరం. ఆనాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841కి 5 లక్షల 61 వేలు. కరువులు, ఉప్పెనలు, శిస్తు భారం కలిసి జనాన్ని ఊడ్చేశాయి. అప్పుడు వచ్చినవాడికి కనిపించింది అడవి కాదు, జనం వదిలేసి వెళ్ళిన ఊరు. పల్లపు భూమిలో సాగు ఆగితే తుమ్మ, జమ్ము పెరగడానికి ఎంతకాలం పడుతుంది? నాలుగు వానలు చాలు.

ఈ నేల నిన్న మొన్న తేలింది కాదు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు కోనసీమలోని నందంపూడిని అగ్రహారంగా ఇచ్చి శాసనం వేయించాడు. ద్రాక్షారామం స్తంభాల నిండా అఖండ దీపాల నెయ్యి కోసం గొర్రెలను ఇచ్చిన దానాల లెక్కలే. అంతకు ముందే ఊళ్ళున్నాయి, గొర్రెలున్నాయి, నెయ్యి ఉంది.

క్యాంపు మనిషి:
కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక క్యాంపు (ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు) నుంచి రాస్తున్నాను. మా తాతది భీమవరం తాలూకా. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక అక్కడి పొలం అమ్ముకుని ఇక్కడ అంతకు ఐదింతలు కొన్నాడు. మా ఇంట్లోనూ ఇదే పాట. ‘మేము వచ్చేసరికి ముళ్ళకంపలు, పాములు, ఏమీ లేదు.’ చిన్నప్పుడు నేనూ గర్వంగా చెప్పుకునేవాడిని. ఒకసారి పక్క ఊరి కన్నడ రైతు నవ్వుతూ అడిగాడు: ‘ఏమీ లేకపోతే మీ తాత ఎవరి దగ్గర కొన్నాడు?’ ఇప్పటికీ దానికి నా దగ్గర జవాబు లేదు. అతని తాత ఇక్కడ జొన్న వేసేవాడట.

ఇంటిపేరు గురించి కూడా ఒక మాట. ఊరి పేరు ఇంటిపేరయ్యేది ఆ ఊరు వదిలి వెళ్ళినవాడికే. అందరూ ఆ ఊరివాళ్ళే అయిన చోట ఆ పేరుతో పిలిస్తే ఎవరు పలుకుతారు? మీ ఇంటిపేరులో ఏ ఊరుంటే ఆ ఊరు మీవాళ్ళు ఎప్పుడో వదిలేసి వచ్చిందని అర్థం.

పాటిదిబ్బ:
ఉండికాలువ గారి ఊరి లాంటిదే మాదీ. అదే ఊరైనా కావచ్చు. మా పేట వెనక పాటిదిబ్బ, అంటే పాత ఊరు శిథిలమై మిగిలిన మట్టిదిబ్బ, ఉండేది. చిన్నప్పుడు అక్కడి నుంచి పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్ళం. పలుగు దించితే చాలు, ఎర్రటి పెంకులు, నల్లటి పెంకులు, ఒకసారి చిల్లు ఉన్న మట్టిపూస కూడా వచ్చింది. మా అమ్మ దాన్ని దారానికి కట్టి మేక మెడలో వేసింది. ఆ కుండలు చేసినవాళ్ళది ఏ ఇంటిపేరు?

మీ మూలపురుషుడు కష్టపడలేదని నేననడం లేదు. కానీ ఒక మనిషి, ఒక ఎద్దు కలిసి ఊరు కట్టలేరు. గట్లు వేసింది, బోదెలు తవ్వింది, శవాలు మోసింది, చావు కబుర్లు చెప్పడానికి పది ఊళ్ళు నడిచింది మావాళ్ళు. ‘తొలి కుటుంబం’ అని రామాలయం దగ్గర చెక్కిస్తే, రోజూ దాని పక్కనుంచి బడికి వెళ్ళే మా పిల్లలు దాన్ని చదవాలి.

ఉండికాలువ:
పాటిదిబ్బ గారూ, మీ మాటకు నాకు మొదట కోపం వచ్చింది, దాచుకోను. మేమెవరినీ తక్కువ చేయాలనుకోలేదు. మా ఇంటి రాయి మీద మా పేరు రాసుకోవడం కూడా తప్పేనా అనిపించింది.

దస్తావేజు గారి 1892 లెక్క మాత్రం తప్పని నిరూపించాలని నిన్న మా చిన్నమ్మమ్మ గారి భోషాణం తెరిపించాం. అడుగున గుడ్డలో చుట్టిన ఒక క్రయ కాగితం దొరికింది. పురుగు కొంత తినేసింది. కనిపించినంత వరకు ఇలా ఉంది: ‘దుర్మతి నామ సంవత్సరం, ఫసలీ 1271... మీ తండ్రిగారు నా వద్ద కవులుకు (కౌలుకు) చేయుచుండిన రెండు పుట్ల పల్లము... మీకు క్రయము చేసినాను... చెక్కుబందీ (హద్దులు): తూర్పు నా చేను, దక్షిణం వెట్టివారి మాన్యం, పడమర పాత చెరువు గట్టు...’ ఉత్తరం హద్దు చిరిగిపోయింది. కొన్నవారి పేరు మా వంశవృక్షంలో రెండోది. తండ్రి పేరు మా మూలపురుషుడిదే.

దస్తావేజు:
ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలపండి. 1861. దుర్మతి కూడా సరిగ్గా అక్కడే పడుతుంది. 1892 నందన అన్నది నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. తండ్రి అంతకు ముందే కవులుకు చేస్తున్నాడంటే 1832 నందన నిలుస్తుంది. తరాల లెక్క ఎందుకు తప్పిందంటే, మీవాళ్ళు మనవడికి తాత పేరు పెడతారు కదా. ఒకే పేరున్న ఇద్దరిని ఎవరో ఒక్కరిగా కలిపేసి ఉంటారు. రాయి మీద చెక్కేముందు ఆ జారిపోయిన తరాలను వెతికి పట్టుకోండి.

కానీ అదే కాగితాన్ని ఇంకోసారి చదవండి. మీ మూలపురుషుడు కవులుదారు. భూమి ఇంకొకరిది.

పెరటిజామ:
‘పాత చెరువు’ అని ఉంది, చూశారా? 1861 నాటికే అది పాతది.

ఉండికాలువ గారూ, ఒంటెద్దు కథ మాత్రం వదులుకోకండి. కౌలు పొలమైనా దున్నాలి కదా.

పాటిదిబ్బ:
నేను చూసింది దక్షిణం హద్దు. వెట్టి చేసినవాళ్ళకు ఊరు ఇచ్చిన మాన్యం అది. మీ వాళ్ళు కొనేనాటికి అది పక్క చేనుకు హద్దుగా చెప్పుకునేంత స్థిరంగా ఉంది. ఆ మాన్యం ఇనాం రిజిస్టరులో దొరికితే, అనుభవించేవాళ్ళ పేర్లుంటాయి. మా తాతల పేర్లు నాలుగు నాకు తెలుసు. సరిపోతాయో లేదో చూడాలి. రిజిస్టరు చూడటానికి వెళ్ళే రోజు చెప్పండి, నేనూ వస్తాను.

నీటితీరువా:
ఇంతకీ అమ్మినవాడు ఎవరో ఎవరూ అడగలేదేమిటి? ‘తూర్పు నా చేను’ అన్నాడు, అంటే అమ్మినా ఇంకా మిగిలింది. అతని వంశం ఊళ్ళో ఉందా?

ఉండికాలువ:
అతని ఇంటిపేరు వాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఒక్కరు కూడా లేరు. మా ఊరి పాటిదిబ్బ మాత్రం వాళ్ళ పేరుతోనే ఉంది, మేమంతా ఇన్నాళ్ళూ అది చెట్టు పేరనుకున్నాం.

పెద్దలతో రాత్రి మాట్లాడాను. ‘నందన కరువులో పల్నాడు నుంచి వచ్చి ఈ ఊళ్ళో కవులుకు దున్నిన’ అని మొదలుపెడదామన్నాను. మా బాబాయి లేచి వెళ్ళిపోయాడు. ‘కవులు’ అన్న మాట రాయి మీద ఉంటే తాను సంక్రాంతికి రానన్నాడు. మా పెదనాన్నగారి అబ్బాయి ‘తొలి’ తీసేస్తే చాలు, మిగతాది మీ ఇష్టమన్నాడు. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడట, మాటలు ఎంత త్వరగా తేలిస్తే అంత మంచిదని ఉదయం ఫోను చేశాడు. ఎద్దు బొమ్మకు వేరే రేటు. పాటిదిబ్బ గారూ, ఇనాం రిజిస్టరు కోసం సోమవారం బయలుదేరుతున్నాను. మొదటి బస్సు ఆరింటికి.