విజిటింగ్ కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వట్లేదు

శ్రీకాకుళంలో మాకు పొందూరు ఖాదీ షాపు ఉంది. స్కాన్ చేస్తే పేరు, నంబరు, అడ్రసు ఫోన్‌లో సేవ్ అయ్యేలా విజిటింగ్ కార్డు వెనక క్యూఆర్ కోడ్ వేయించాం. వీకార్డ్ 3.0 (కాంటాక్ట్ వివరాలు దాచే ఫార్మాట్), సైజు 1.5 సెంటీమీటర్లు, మ్యాట్ లామినేషన్.

కంప్యూటర్ స్క్రీన్ మీద టక్కున చదువుతోంది. కార్డు మీద మాత్రం కొత్త ఫోన్లే తిప్పలు పడుతున్నాయి, పాతవి అసలు పట్టుకోవట్లేదు. దగ్గరగా చూస్తే ఇంకు పాకి గళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

మధ్యలో లోగో తీసేశాను. ఎర్రర్ కరెక్షన్ (కోడ్ కొంత చెడినా చదవగలిగేలా చేర్చే అదనపు డేటా) హెచ్ అనే పై స్థాయి నుంచి ఎల్ అనే కింది స్థాయికి తగ్గించాను. చుట్టూ తెల్ల ఖాళీ వదిలాం. పెద్ద తేడా లేదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి మళ్లీ 3. అందుకే కోడ్ కిక్కిరిసిపోతోంది. ఇంగ్లీషులో పెడితే స్కాన్ అవుతోంది గానీ, నాన్నగారు ససేమిరా అంటున్నారు. లింకు కోడ్ కూడా వద్దు, నెట్ లేకపోయినా పనిచేయాలి.

తెలుగు వివరాలు ఉంచుతూనే ఇంత చిన్న కోడ్ సరిగ్గా స్కాన్ అవ్వాలంటే ఏం మార్చాలి?