‘నేనే సత్యమును’: ఇందులోని ‘ను’ ఏమిటి? నిజం, సత్యం ఒకటేనా?

ప్రశ్న: హన్మకొండలో జరిగే మా సంఘ యువజన కూడికకు ఒక కరపత్రం రాస్తున్నాను. “ఎవరి నిజం వారిది” అని ఇప్పటి కాలేజీ పిల్లలు తరచుగా అనే మాటకు క్రైస్తవ విశ్వాసం ఇచ్చే జవాబు అందులో ఉండాలి. ‘అబ్సొల్యూట్ ట్రూత్’ అన్నదాన్ని పరమ సత్యం అనాలా, నిరపేక్ష సత్యం అనాలా, లేక ఉత్త ‘నిజం’ సరిపోతుందా? యోహాను సువార్త 14:6లో యేసు ‘నేనే సత్యమును’ అన్నచోట ‘ను’ ద్వితీయా విభక్తి అయితే వాక్యంలో క్రియ ఏదని మా ఆదివారపు బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. దానికీ నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు: పిల్లవాడి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ కరపత్రానికి కావలసిన విషయం అందులోనే ఉంది. “నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు” అన్న వాక్యంలో ‘ను’ ద్వితీయా విభక్తి కాదు. ‘రాముడును లక్ష్మణుడును’ అన్నప్పటి సముచ్చయమే, అంటే మాటలను కలిపే ‘ను’యే ఇది అని చాలామంది చెబుతారు. మూలమైన గ్రీకులో ‘మరియు’ అనే మాట రెండుసార్లు ఉంది కాబట్టి ఆ వాదాన్ని తీసిపారేయలేము. అయితే అదే సువార్త 10:9లో “నేనే ద్వారమును” అని ఒక్క నామమే ఉంది, 8:12లో “నేను లోకమునకు వెలుగును” అని ఉంది. అక్కడ కలపడానికి రెండో మాటే లేదు. కనుక ఇది ‘నేను రాజును’, ‘నేను కాపరిని’ అన్నప్పుడు నామానికి చివర చేరే ఉత్తమపురుష (‘నేను’ను తెలిపే) ప్రత్యయమని నా అభిప్రాయం.

ఇందులో విశేషం ఏమిటంటే, తెలుగులో ఈ ప్రత్యయం సాధారణంగా మనిషిని తెలిపే మాటకే చేరుతుంది. నేను రైతును అంటాం, నేను కోడలిని అంటాం. నేను చెట్టును అనాలంటే కవి కావాలి, లేదా ఆ చెట్టుకే నోరు రావాలి. సత్యం అనే అమహద్వాచకానికి (మనిషిని తెలపని మాటకు) ‘ను’ చేర్చగానే అది ఒక సిద్ధాంతంగానో సూత్రంగానో మిగలక, మాట్లాడుతున్న వ్యక్తి అయి కూర్చుంటుంది. క్రైస్తవులు సత్యం గురించి చెప్పే మాటలో ప్రధానమైనది ఇదే. తమ దగ్గర మిగిలినవారికన్నా మంచి అభిప్రాయం ఉందని కాదు, సత్యం ఒక వ్యక్తిగా ఎదుట నిలిచిందని వారి విశ్వాసం. అదే సువార్త 18:38లో, యేసును విచారించిన పిలాతు “సత్యమనగా ఏమిటి” అని అడిగి, జవాబుకు ఆగకుండా బయటికి వెళ్లాడు. ‘ఎవరు’ అని అడగవలసిన చోట ‘ఏమిటి’ అని అడిగాడన్నమాట. (ఆ ప్రశ్న లాటిన్‌లో “క్విద్ ఎస్త్ వెరితాస్”, ఆ అక్షరాలనే అటూ ఇటూ మార్చి “ఎస్త్ వీర్ క్వి అదెస్త్”, అంటే ‘ఎదుట ఉన్న ఈ మనిషే’ అని పూర్వపు పండితులు సరదాగా జవాబు తయారుచేశారు.)

ఇక నిజం. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, సొంతమైనది. కావ్యాలలో ‘నిజ సతి’ అంటే తన భార్య, ‘నిజ నివాసము’ అంటే తన ఇల్లు. అంతేగాని అసలైన భార్య, అసలైన ఇల్లు అని కాదు. సింహాచలంలో అక్షయ తృతీయనాటి ‘నిజరూప దర్శనం’లో స్వామి తన రూపమనీ అసలు రూపమనీ రెండు అర్థాలూ పొసుగుతాయి, మాట ఒక అర్థం నుంచి రెండో అర్థానికి జరిగిన దారి అక్కడ కనిపిస్తుంది. 2023లో అధిక శ్రావణం తరువాత వచ్చిన నిజ శ్రావణంలో అయితే ‘అసలు’ అనే అర్థమే మిగిలింది. కాబట్టి “ఎవరి నిజం వారిది” అన్న మాటను వ్యుత్పత్తి ప్రకారం విడదీస్తే “ఎవరిది వారిది” అనే తేలుతుంది. దానిని ఎవరూ కాదనలేరు, దానివల్ల తెలిసేదీ ఏమీ లేదు. వ్యుత్పత్తితో వేదాంతం గెలవదని నాకు తెలుసు. వ్యవహారంలో నిజం, సత్యం పర్యాయపదాలే. కరపత్రానికి మాత్రం సత్యమే మేలు, ఎందుకంటే అది ‘సత్’ నుంచి, అంటే ‘ఉన్నది’ అనే అర్థం నుంచి వచ్చింది.

ఈ ‘ఉన్నది’ సంస్కృతం చదివినవారికే పరిమితమైన ఊహ కాదు. డోర్నకల్ వైపు ఒక ఊళ్లో ఉండే మా నాయినమ్మకు అక్షరం ముక్క రాదు. అరుగు మీదికి ఇద్దరు కొట్లాడుకుంటూ వస్తే, ఆమె చేతిలోని చాటను పక్కన పెట్టి, “నీ ముచ్చట, ఆయన ముచ్చట తర్వాత, ఉన్న ముచ్చట జెప్పుండ్రి” అనేది. నీ ముచ్చట, ఆయన ముచ్చట ఉండవచ్చు. ఆ రెండింటినీ తూచడానికి ఉన్న ముచ్చట ఒకటి వేరే ఉంటుందని ఆమె లెక్క. అబద్ధాన్ని ‘లేనిపోని మాట’ అనడంలో ఉన్నదీ ఇదే లెక్క. “ఎవరి నిజం వారిది” అనే సాపేక్షవాదానికి మన పల్లె తెలుగులో ఇంతకన్నా సూటి జవాబు నాకు దొరకలేదు.

గ్రీకు మాట ‘అలేథియా’కు మరుగు లేనిది అని వ్యుత్పత్తి చెబుతారు. హెబ్రీ ‘ఎమెత్’కు మూలధాతువు గట్టిదనాన్ని, నమ్మకాన్ని తెలుపుతుంది, ప్రార్థన చివర మనం చెప్పే ‘ఆమేన్’ ఆ ధాతువు నుంచే వచ్చింది. యేసు మాట మొదట్లోనే ఆమేన్ అంటే మన అనువాదకులు దానిని ‘నిశ్చయముగా’ అని తెలిగించారు.

పరమ సత్యం అన్న మాటతో ఒక చిక్కుంది. మన చదువరికి అది వెంటనే అద్వైతంలోని పారమార్థిక సత్యాన్ని గుర్తుచేస్తుంది, దాని కింద వ్యావహారిక సత్యం, అంటే రోజువారీ లోకవ్యవహారంలోని సత్యం, వేరే ఉందన్న భావమూ వెంట వస్తుంది. క్రైస్తవ విశ్వాసమేమో వ్యావహారికమైన ఒక చరిత్ర ఘటననే పట్టుకుని ఉంటుంది. వారి విశ్వాస ప్రమాణంలో రోమా అధికారి పిలాతు పేరు కూడా ఉన్నదంటే చూడండి. నిరపేక్ష సత్యం అర్థానికి సరైనదే, కానీ ‘ధనాపేక్ష’ అలవాటైన చెవికి అపేక్ష అంటే కోరిక. అందువల్ల “ఎవరికైనా ఒక్కటే అయిన సత్యం” అని విప్పి రాయడమే నాకు ఇష్టం.

మరొక సభ్యుని వ్యాఖ్య: “ఏకం సత్ విప్రా బహుధా వదంతి” అని ఋగ్వేదం (1.164.46) అన్నది కదా. మన నేలమీద సత్యం ఎప్పుడూ అనేకమే కాదా?

జవాబు: ఆ మంత్రంలో ‘బహుధా’ అన్నది ‘వదంతి’కి విశేషణం, ‘సత్’కు కాదండీ. ఉన్నది ఒకటే, చెప్పడం పలువిధాలు. ఇది “ఎవరి నిజం వారిది” అన్నదానికి దాదాపు ఎదురు మాట. ఆ ఒకటి ఎవరు, మిగిలిన మార్గాల మాటేమిటి అన్న చోట క్రైస్తవులకూ మీకూ భేదం వస్తుంది. ‘నేనే’లోని ‘ఏ’, ‘నా ద్వారానే’లోని ‘ఏ’, ఆపైన ‘తప్ప’ చూస్తే అవధారణ, అంటే ‘ఇదే, మరొకటి కాదు’ అని నొక్కి చెప్పడం, ఎంత గట్టిదో తెలుస్తుంది. దానిని మెత్తబరచి అనువదించడం నిజాయితీ కాదు. చెప్పే తీరు మారవచ్చునన్నది మాత్రం వారూ ఒప్పుకుంటారు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన కెథడ్రల్‌లో హిందూ దేవాలయపు స్తంభాల పోకడ, మసీదు గుమ్మటాల పోకడ రెండూ కనిపిస్తాయి. లోపల చదివే వాక్యం మాత్రం యోహాను 14:6 ఉన్నది ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు సార్. ప్రూఫు ఈ రోజే వచ్చింది. డీటీపీ చేసిన అబ్బాయి “నేనే మార్గము, సత్యము, జీవము” అని కొట్టాడు.

జవాబు: ఆటోల వెనుక కూడా అలాగే రాస్తుంటారు. మూడు చోట్లా ‘ను’ పెట్టించండి, అది అచ్చుతప్పు కాదని అంచున ఒక మాట రాసి పంపండి. లేకుంటే రెండో ప్రూఫులో మళ్లీ తీసేస్తాడు.